నిలిచిన పూలదండ

శోణపురి కోట తూర్పు ద్వారం మూడు ఏనుగుల ఎత్తు. తలుపులకు ఇత్తడి పువ్వులు, గడపకు రాగి రేకు, పైన కమానుకు ఆ ఉదయమే కట్టిన మామిడి తోరణాలు, రెండు పక్కలా గెలలతో సహా నాటిన అరటి బోదెలు. ఎండ పడి ఇత్తడి పువ్వులు కళ్ళు చెదిరేలా మెరుస్తున్నాయి. ఆ అలంకారం కింద నలుగురు భటులు దూసిన కత్తులతో నిలబడి ఉన్నారు. యుద్ధభూమి నుంచి తిరిగి వచ్చే సైనికుడు ఎవడు కనిపించినా అక్కడికక్కడే నరకమని వాళ్ళకు ఆజ్ఞ. శత్రు సైనికుణ్ణి కాదు. మన సైనికుణ్ణే.

ద్వారానికి ఎదురుగా జొన్నచేలో బోర్లా పడుకుని తిప్పడు ఆ కత్తుల వంక చూస్తున్నాడు.

తిప్పడు వీరుడేమీ కాదు. మణిమంత రాజ్యపు అశ్వదళంలో గుర్రాలకు లాడాలు కొట్టేవాడు. పదిహేనేళ్ళుగా గుర్రం కాలు ఒళ్ళో పెట్టుకోవడం, డెక్క చెక్కడం, మేకు దిగ్గొట్టడం, ఇదే అతని విద్య. రెండు నెలలుగా ఆ విద్యకూ పనిలేదు. పిడుగు కనుమలో తిండి గింజలు అయిపోయాక, తాను లాడాలు కొట్టిన గుర్రాలనే తాను కోసి మనిషికింత అని పంచవలసి వచ్చింది.

మణిమంత రాజ్యానికీ తామ్రకూట దేశానికీ ఆ కనుమ కోసం యుద్ధం మొదలై పదిహేను నెలలైంది. కనుమలో ఏముందని అడక్కండి. రాళ్ళున్నాయి. గడ్డి కూడా మొలవదు. ఆ రాళ్ళ కోసం జయకేతు మహారాజు ఒకటి వెనక ఒకటిగా నాలుగు దండులు పంపాడు. దండుకు నాలుగు వేలమంది. పదహారు వేలలో మూడు వేలమంది మిగిలారు. ఇవాళ మధ్యాహ్నం ఐదో దండు బయల్దేరుతుంది.

"ఎట్లాగైనా ఆ దండును ఆపాలిరా" అన్నాడు సేనాని భీమరథుడు మూడు రోజుల కిందట, గుర్రపు ఎముక చీకుతూ. "నేను రాసిన లేఖలు రాజుగారు చదవరు. నా మనుషుల్ని ద్వారం దాటనివ్వరు. నువ్వు పోయి ఆ కుర్రాళ్ళ మొహం మీద చెప్పు. ఇక్కడ గెలవడానికేమీ లేదు, చావడానికి చోటు మాత్రం ఉందని చెప్పు."

"నన్నే ఎందుకు దొరా? కత్తి పట్టడం కూడా రాదు నాకు."

"కత్తి పట్టడం వచ్చిన పదకొండుమందిని పంపా. పదకొండు తలలూ ద్వారం దగ్గరే తెగాయంట. నువ్వు ఇంకో రకంగా పోతావేమోనని."

ఇంకో రకం ఏమిటో తిప్పడికి జొన్నచేలో పడుకున్న ఆ క్షణం దాకా తెలియదు. ద్వారానికి ఇవతల, కోట బయటి మంటపం దగ్గర సన్నాయి మోగింది. తిప్పడు తల తిప్పి చూశాడు.

మంటపం లోంచి సైన్యం వస్తోంది!

ఎంత సైన్యం! ఎనిమిదేసి మంది చొప్పున వరసలు. తలల మీద నెమలీకల పాగాలు, చెవులకు పోగులు, భుజాల మీద పట్టు ఉత్తరీయాలు, చేతుల్లో ఎండకు తళతళలాడే ఈటెలు. ప్రతివాడి మొహం మీదా చిరునవ్వు. గాయమన్నది లేదు, అలసటన్నది లేదు. పెళ్ళికి వెళ్తున్న మగపెళ్ళివారిలా నడుస్తున్నారు. పదమూడు వేల కాళ్ళజతలు నేల మీద పడుతున్నాయి, దుమ్ము మాత్రం చిటికెడు లేవడం లేదు. చప్పుడూ లేదు. సన్నాయి ఒక్కటే వినపడుతోంది.

మూడో వరస చివర పోలడు నడుస్తున్నాడు.

తిప్పడు కళ్ళు నులుముకున్నాడు. పోలడు అతని పొరుగింటివాడు. కనుమలో మొదటి వానకు ముందే పోయాడు. తిప్పడే గునపంతో గుంట తవ్వి, నక్కలు లాగకుండా పైన రాళ్ళు పేర్చాడు. వాడి పక్కన కూటస్థుడు, శత్రువులు తవ్విన గోతిలో పడి చచ్చినవాడు. వాడి వెనక పాగా చుట్టడం రాక రోజూ తిప్పడి చేత చుట్టించుకున్న ముద్దయ్య. చూసిన ప్రతి మొహమూ తాను పూడ్చిందో, తగలబెట్టిందో, వదిలేసి పారిపోయి వచ్చిందో. బతికి కనుమలో ఉన్న మూడు వేలలో ఒక్కడంటే ఒక్కడు ఆ వరసల్లో లేడు.

ఊరేగింపు వెనక ఎర్రబట్ట కప్పిన ఎడ్లబళ్ళు వస్తున్నాయి. ఒక బండి చివర బట్ట తొలగింది. లోపల మట్టి పలకలు. అప్పుడు తిప్పడికి సంగతి అర్థమైంది.

మణిమంతంలో యుద్ధానికి పోయే ప్రతివాడూ పచ్చి మట్టి పలక మీద కుడికాలు మోపి వెళ్తాడు. దాన్ని అడుగుపలక అంటారు. ఇంటివాళ్ళు దాన్ని దీపం గూట్లో పెట్టుకుని రోజూ పసుపు నీళ్ళు చిలకరిస్తారు. పలక బీటలివ్వకూడదు, ఎవరూ పగలగొట్టకూడదు. పగిలితే ఆ మనిషి ఇక లేడన్నమాటే. ఏడాది కిందట రాజమాంత్రికుడు ఛాయాభట్టు రక్షాపూజ చేయిస్తానని ఇంటింటి పలకా కోటకు తెప్పించాడు. అదీ అతను చేసిన పూజ! చచ్చినవాడి అడుగులోంచి వాడి నీడను లేపుతున్నాడు. బతికున్నవాడి అడుగు లేవదు, అంతే తేడా.

నీడల వరస ద్వారం చేరబోతుంటే భటులు నలుగురూ తలలు దించుకున్నారు. వాళ్ళకు తెలుసు అవేమిటో. చూడటానికి భయం.

తిప్పడు దిగ్గున లేచాడు. నాలుగు గంతుల్లో పోలడి పక్కన చేరి, చినిగిన పాగా ముందుకు లాక్కుని, మునివేళ్ళ మీద దుమ్ము లేవకుండా నడిచాడు. మొహాన నవ్వు పులుముకోవడం అన్నిటికన్నా కష్టమైంది. పక్కన పోలడు అతని వంక చూడలేదు. వాడి భుజంలోకి తన భుజం దూరితే మంచులో ముంచినట్టుంది.

తలలు దించుకున్న నాలుగు కత్తుల నడుమ నుంచి తిప్పడు శోణపురిలో అడుగుపెట్టాడు.

రాజవీధి కిటకిటలాడుతోంది. మేడల మీద నుంచి గంధపు నీళ్ళు చల్లుతున్నారు. కర్పూరం, సాంబ్రాణి, మల్లెపూల వాసన ఊపిరాడనివ్వడం లేదు. తల్లులు, పెళ్ళాలు, అక్కచెల్లెళ్ళు దండలు పట్టుకుని ముందుకు తోసుకొస్తున్నారు. "మా నాయనే! చిక్కిపోలేదే! ఇంకా నిగారింపుగా ఉన్నాడే!" అని ఒకామె మురిసిపోయి ముద్దయ్య మెడలో దండ వేసింది. దండ ముద్దయ్య లోంచి జారి నేల మీద పడింది. ఆమె పడిన దండ వంక చూడలేదు. వెనకే బుట్టలు పట్టుకుని వస్తున్న నౌకర్లు చప్పున దాన్ని ఏరి బుట్టలో వేసుకున్నారు.

వీధి పొడుగునా అదే తంతు. దండలు వేస్తున్నారు, పడుతున్నాయి, ఏరుతున్నారు. అందరూ చూస్తున్నారు, ఎవరూ చూడటం లేదు. నెల కిందటి ఊరేగింపులో ఒక కంచరి, "ఏందది, దండ నిలవలేదే?" అని పైకి అన్నాడు. ఇప్పుడతను ఏమీ అనలేడు. అనడానికి నోట్లో ఉండవలసింది లేదు.

నాలుగు వీధుల కూడలిలో కాలవ పక్కన నలభైమంది ఆడవాళ్ళను విడిగా నిలబెట్టారు. నుదుట బూడిద, మెడలో చీపురు పుల్లల తాడు. ఊరేగింపులో కనిపించని సైనికుల ఆడవాళ్ళు వాళ్ళు. మొగుడో కొడుకో రాలేదంటే పారిపోయాడని లెక్క, ఆ ఇల్లు ద్రోహి ఇల్లు అని లెక్క. ఇలాంటి గుంపు ప్రతి వీధి మొగలోనూ ఉంది. వచ్చేపోయేవాళ్ళు వాళ్ళ మీద పేడనీళ్ళు చల్లి మరీ వెళ్తున్నారు, దేశభక్తి కొద్దీ.

వాళ్ళలో మొదట నిలబడింది తిప్పడి పెళ్ళాం సింగమ్మ.

తిప్పడు మొహం పక్కకు తిప్పుకున్నాడు. కాని పదేళ్ళు కాపురం చేసిన మనిషికి మొగుడి నడక తెలియదా! ఎడమ భుజం కిందికి వాల్చి, గుర్రం పక్కన నడుస్తున్నట్టు నడిచే మనిషి శోణపురి మొత్తానికి ఒక్కడే.

"వచ్చినాడు!" అని సింగమ్మ కేక పెట్టింది. "నా మొగుడు వచ్చినాడు! చూడండే, మా ఆయన పారిపోలేదు! ఏమే లచ్చీ, నా వాకిట్లో పేడ పోసినావే, వచ్చి చూడవే!"

పక్కనున్న ఎవరి చేతిలోని దండో లాక్కుని కాలవ దూకి వచ్చింది. తిప్పడు పెదవులు కదపకుండా, "వద్దు సింగీ, వెయ్యొద్దు" అన్నాడు. వినే స్థితిలో లేదామె. మూడు ఊరేగింపుల అవమానం ఆమె చేతుల్లో ఉంది. దండ ఎత్తి మెడలో వేసింది.

దండ నిలిచింది.

బుట్టవాడు అలవాటు కొద్దీ వంగి, నేల మీద ఏమీ దొరక్క, వంగినవాడు వంగినట్టే తలెత్తి చూశాడు. మల్లెలూ మరువం కలిపి కట్టిన బరువైన దండ తిప్పడి గుండెల మీద, ఊపిరి తీసినప్పుడల్లా లేస్తోంది, దిగుతోంది.

వీధి వీధంతా నోరు మూసుకుంది. సన్నాయి మాత్రం ఇంకా మోగుతోంది. తర్వాత అదీ ఆగిపోయింది.

సింగమ్మ అతని చెంప తాకి చూసింది. "ఒళ్ళు కాలిపోతోందేందయ్యా!" అంది. "జొరమా?"

"జొరమే. బతికున్నా గదా, జొరం రాదా" అన్నాడు తిప్పడు. ఇక దాగి లాభం లేదు. గొంతెత్తాడు. "అమ్మల్లారా, అక్కల్లారా! కనుమ నుంచి వస్తున్నా! ఈ నడిచేవాళ్ళెవరూ బతికి లేరు! అందర్నీ నా కళ్ళతో చూశా, సగంమందిని నా చేత్తో పూడ్చా. ఊరేగింపులో రానివాళ్ళే బతికున్నారు! ఆ మూడు వేలమందే బతికున్నారు! బూడిద పూసుకున్న ఆడోళ్ళారా, మీవాళ్ళు బతికున్నారే!"

నలభై గొంతులు ఒక్కసారి బావురుమన్నాయి. మెడలో చీపురు తాళ్ళు తెంపి పారేశారు.

ఇక మిగతా జనం సంతోషించారనుకుంటున్నారా? తమ మధ్యకు ఒక మనిషి చావు తప్పించుకుని వచ్చినందుకు? మొదటి రాయి తిప్పడి కణతకు తగిలింది. విసిరింది పోలడి తల్లి ఆరమ్మ. చిన్నప్పుడు తిప్పడికి సంకటి పెట్టిన చెయ్యే అది.

"ఒరే తిప్పా! నీ నోట పురుగులు పడ! నా కొడుకు నీ పక్కనే నడస్తా ఉంటే పోయినాడంటావురా!"

"ఆరమ్మత్తా, నేనే పూడ్చా..."

"నువ్వు తామ్రకూటమోళ్ళ కూడు తిన్నావు! నువ్వే దొంగవి! నా కొడుకు నిజం, నువ్వే నీడవి!"

అంతే. "ద్రోహి! ద్రోహి!" అని వీధి గర్జించింది. దండలు పట్టుకున్న చేతులే రాళ్ళు పట్టుకున్నాయి. ఆ తల్లుల్ని అని లాభం లేదు. ఆ ఒక్క మాట నమ్మితే వాళ్ళ ఇళ్ళన్నీ ఆ మధ్యాహ్నానికే పాడుపడిపోతాయి. భటులు వచ్చి తిప్పణ్ణి లాక్కుపోయారు గనుక బతికాడు. రాజుగారి భటులే అతని ప్రాణం కాపాడారు. అలాంటి చిత్రాలు ఆ రాజ్యంలో చాలా జరుగుతాయి.

దండు మైదానం కోట లోపలే, పడమటి వైపు. ఒక పక్కన ఐదో దండు బారులు తీరి ఉంది. నాలుగు వేలమంది, సగంమందికి మీసం కూడా సరిగా రాలేదు. వాళ్ళ ఎదుట నేల మీద నాలుగు వేల అడుగుపలకలు ఎండలో పరిచి ఉన్నాయి. ఆ ఉదయమే కాళ్ళు మోపారు, మట్టి ఇంకా పచ్చిగానే ఉంది. ఎత్తైన పందిరి కింద ముత్యాల గొడుగు, దాని కింద జయకేతు మహారాజు. కనుమ ఎటువైపుందో ఆయన ఇంతవరకూ చూడలేదు.

తిప్పణ్ణి జెండా కొయ్యకు కట్టేశారు. ఐదో దండు నాయకుడు వీరకంపడు కత్తి పట్టుకుని పక్కన నిలబడ్డాడు. నీడలూ, బళ్ళూ, వాటి వెనక జనమూ, కూడలిలోని నలభైమంది ఆడవాళ్ళూ మైదానంలోకి వచ్చారు.

ఛాయాభట్టు మెల్లగా నడుచుకుంటూ వచ్చాడు. పొడుగాటి మనిషి. తేనెరంగు కళ్ళు, మోకాళ్ళ దాకా జడలు, ఒంటి మీద నల్ల శాలువా. నడినెత్తిన సూర్యుడున్నా అతని నీడ మాత్రం పన్నెండు బారల పొడుగున నేల మీద పాకుతోంది. తిప్పడి మెడలోని దండ చివర పట్టుకుని వాసన చూశాడు.

"మంచి మల్లెలు" అన్నాడు గుసగుసగా. "ఎందుకురా ఈ గోల? ఏ తల్లికి ఏం తక్కువ చేశాను? పోయినవాణ్ణి నెలకోసారి చూపిస్తున్నా. నీ నిజం చూపిస్తుందా?"

"చూపించి ఇంకో నాలుగు వేలమందిని పంపిస్తున్నావు గదా సామీ."

"వాళ్ళనూ చూపిస్తాగా" అన్నాడు భట్టు. "నీ పలకా నా బండిలోనే ఉంది. ఇన్నాళ్ళూ ఎన్ని మంత్రాలు చదివినా లేవలేదు, బతికి ఉన్నావు గనక. ఇంకో గడియలో లేస్తుంది. వచ్చే నెల నువ్వూ పట్టు ఉత్తరీయం వేసుకుని నవ్వుతూ నడుస్తావు. నీ పెళ్ళాం నుదుటి బూడిద కడుక్కుంటుంది. ఆమెకు ఇంతకన్నా మేలేముంది? నువ్వు చెప్పు."

పక్కనున్న వీరకంపడు కత్తి మొన నేలకు దించాడు. భట్టు గమనించలేదు.

ఇంతలో బళ్ళ దగ్గర కలకలం రేగింది. ఆరమ్మ బండెక్కింది. రాయి విసిరిన తర్వాత కొడుకు పక్కనే నడుస్తూ మైదానం దాకా వచ్చింది. "పోలా, ఆకలేస్తందా?" అని అడిగింది. వాడు నవ్వాడు. "నీ అయ్య ఎట్టా పోయినాడు రా, చెప్పు" అని అడిగింది. వాడు నవ్వాడు. మూడోసారి ఆమె ఏమీ అడగలేదు.

ఎర్రబట్ట లాగేసి పలకలు ఒక్కొక్కటే తీసి చూస్తోంది. పోలడి చిటికెనవేలు పక్కవేలి మీదికెక్కి ఉండేది. ఆ పలక దొరికింది. రెండు చేతులా ఎత్తింది.

"అత్తా, వద్దు!" అని అరిచారెవరో. పలక పగలగొట్టడమంటే మణిమంతంలో నోట అనకూడని మాట.

ఆరమ్మ దాన్ని బండి ఇరుసుకేసి కొట్టింది.

మూడో వరస చివర ఒక మనిషి మేర ఖాళీ అయింది. పట్టు ఉత్తరీయం లేదు, ఈటె లేదు, నవ్వు లేదు. ఆరమ్మ చేతిలోని పెంకు ముక్కను చీరకొంగులో కట్టుకుని నేల మీద చతికిలబడింది. ఏడవడం మొదలుపెట్టింది. మొదటి వానకు ముందు ఏడవవలసిన ఏడుపు అది.

ఐదో దండు మొత్తం చూసింది. ముందు వరసల్లో నలుగురైదుగురు ఈటెలు కింద పెట్టారు. తిప్పడు కట్లలోంచి ముందుకు వంగాడు. "అన్నల్లారా, కదలొద్దు!" అని అరిచాడు. "అక్కడ రాళ్ళు తప్ప ఏమీ లేవు! తామ్రకూటమోళ్ళు కూడా గుర్రాల్ని తినేశారు! కొండ దిగే ఓపిక వాళ్ళకూ లేదు!"

మహారాజు లేచి నిలబడ్డాడు. "వీరులారా! తల్లి నేల మిమ్మల్ని పిలుస్తోంది. వెళ్ళనివాడి ఇంటికి ఏ గతి పడుతుందో మీరు కూడలిలో చూశారు" అన్నాడు. అంతకన్నా ఎక్కువ చెప్పలేదు. చెప్పనవసరమూ లేకపోయింది. కొమ్ము ఊదారు.

కింద పెట్టిన ఈటెలు మళ్ళీ చేతుల్లోకి వెళ్ళాయి. దండు కదిలింది. నిజం విన్నారు, కళ్ళారా చూశారు, అయినా కదిలారు. ఎవడికి వాడికి ఇంట్లో ఒక తల్లి ఉంది, ఆమె నుదురు ఉంది. తిప్పడు కొయ్యకు తల కొట్టుకున్నాడు. మూడు రోజులు పాకుతూ వచ్చిందీ, దండ పడిందీ, రాయి తగిలిందీ అంతా వృథా.

అప్పుడు సింగమ్మ చీర కుచ్చెళ్ళు పైకి దోపింది.

"రండే!" అంది వెనకున్న నలభైమందిని. "మాటలు చెవికెక్కేటట్టు లేవు వీళ్ళకి."

నలభైమందీ పరుగెత్తి పచ్చి పలకల వరసల్లో పడ్డారు. ఎడాపెడా తొక్కారు. నాలుగు వేల కుడిపాదాలు వాళ్ళ పాదాల కింద ముద్దయిపోతున్నాయి. కావలివాళ్ళు జుట్టు పట్టి లాగితే పడిపోయి, పడిన చోటే దొర్లి, ఒంటితో అలికేశారు. వేలి గుర్తు మిగలనివ్వలేదు.

దండు నిలిచిపోయింది.

ఎవరూ ఆగమనలేదు. కొమ్ము ఊదుతూనే ఉంది. కాని ఒక్క కాలు కదలలేదు. ఇంటి దగ్గర అడుగు లేనివాడు పొలిమేర దాటితే, చచ్చాక వాడి ప్రాణానికి తిరిగొచ్చే చోటుండదు. ప్రతివాడికీ పాలతో పట్టించిన భయం అది. పదమూడు వేల చావులు ఆపలేని వాళ్ళను బురద ఆపింది.

"నా అడుగు పోయింది దొరా" అన్నాడొకడు వీరకంపడితో, ఏడుపు గొంతుతో. "చావమంటే చస్తా. అడుగు లేకుండా పొమ్మంటే మాత్రం పోను."

మహారాజు మొహం నల్లబడింది. కొరడాలతో ఆ నాలుగు వేలమందినీ కదిలించడం ఏ రాజు తరమూ కాదు. ఛాయాభట్టు వంగి ఆయన చెవిలో ఏదో చెప్పాడు. తర్వాత ఆజ్ఞ వెలువడింది. నది నుంచి కొత్త మట్టి తేవాలి. పలక మట్టిని మూడు రోజులు కాళ్ళతో తొక్కితే గాని పదునుకు రాదు. తొక్కినవాళ్ళే తొక్కాలి. ఆ నలభైమందినీ మట్టి గుంటలో దింపి, నడుముకు తాళ్ళు కట్టి, మూడు రోజులూ తొక్కించాలి. నాలుగో ఉదయం దండు కొత్త అడుగులు మోపి బయల్దేరుతుంది. వెంటనే ఆ నలభైమంది తలలూ తెగుతాయి. తిప్పడి తల మాత్రం ఇప్పుడే.

మైదానం అంచున గుంటలున్నాయి. ఆడవాళ్ళను అందులోకి తోశారు. బళ్ళతో మట్టి వచ్చి పడింది. మోకాలి లోతు బురదలో సింగమ్మ నిలబడి ఉంది. ఆమె చూస్తుండగా మొగుణ్ణి నరకాలని అతణ్ణి కొయ్య నుంచి విప్పి, చేతులు వెనక్కి కట్టి, గుంట గట్టు మీదికి తెచ్చారు.

వీరకంపడు కత్తి ఎత్తాడు. అతని గుర్రం పక్కనే ఉంది.

"భట్టు నీతో అన్నది విన్నా" అన్నాడు, పెదవి కదిలీ కదలకుండా. "కనుమ నుంచి వెనక్కి దారుందా?"

"మేకల బాట ఉంది దొరా. దారి లేక కాదు వాళ్ళు రానిది. వస్తే ఇక్కడ మీరు నరుకుతారని."

"గుర్రం మీద ఎంతసేపు?"

"పగలంతా."

"అయితే ఆ మూడు వేలమందినీ తీసుకొచ్చి నా దండు కళ్ళ ముందు నిలబెట్టు, నాలుగో ఉదయానికి ముందు. ఒకడో ఇద్దరో కాదు, అందర్నీ. అంతమందిని ఎవడూ నరకలేడు. రాకపోతే నేను దండుతో నడుస్తా. నా తల్లి కూడా ఈ ఊళ్ళోనే ఉంది, నన్నేమీ అనుకోవద్దు."

"నిన్నేమంటా దొరా" అన్నాడు తిప్పడు. "అందరూ అదే మాట."

కత్తి దిగింది. తిప్పడి చేతుల తాడు తెగింది. మరుక్షణం తిప్పడు గట్టు మీద నుంచి గుర్రం వీపు మీద ఉన్నాడు. "పట్టుకోండి! పట్టుకోండి!" అని అందరికన్నా గట్టిగా వీరకంపడే అరిచాడు, అరుస్తూ వెనక వస్తున్న ఇద్దరు రౌతులకు అడ్డంపడి వాళ్ళను కింద పడేశాడు.

గుర్రం గుంట చుట్టూ తిరిగింది. తిప్పడు సింగమ్మ దగ్గర కళ్ళెం లాగి చెయ్యి చాచాడు. ఆమె నడుముకు తాడుంది. తాడు రెండో కొస గుంట మధ్య గుంజకుంది.

"ఏంది ఆ నిలబడటం?" అంది సింగమ్మ. బాణం ఒకటి వచ్చి బురదలో గుచ్చుకుంది. "నన్ను చూడటానికా నువ్వు వచ్చింది? పో!"

"మూడు రోజులే ఉందంట సింగీ. మూడు వేలమంది, ఎముకల పోగులు. నడిచి రావాలంటే..."

"మట్టికి పదునొచ్చిందో లేదో చెప్పేది తొక్కేవాళ్ళమేనయ్యా. రాజుగారేమన్నా దిగి తొక్కి చూస్తాడా?" ఆమె పక్కనున్న లావుపాటి మనిషి కిసుక్కున నవ్వింది, కళ్ళనీళ్ళతోనే. సింగమ్మ బురదలోంచి ఒక కాలు పైకి తీసింది. ఆ కాలు మళ్ళీ దించడానికి ఆమెకు చాలాసేపు పట్టింది. "నువ్వు పో. మేం నిదానంగా తొక్కుతాంలే."

తిప్పడు గుర్రాన్ని అదిలించాడు. పడమటి దిడ్డివాకిలి తలుపులు మూసుకుంటున్నాయి. రెండు తలుపుల మధ్య ఇంకా గుర్రం పట్టేంత సందుంది. తలుపు అంచు అతని మోకాలిచిప్ప చర్మం లేపుకుపోయింది. రెండో బాణం తొడలో దిగింది. వెనక నగారా మోగింది. పదిమంది, కాదు ఇరవైమంది రౌతులు.

కోట దాటి రాతిబాట మీద పడగానే తిప్పడి చెవికి ఒక చప్పుడు తగిలింది. టక్కు, టక్కు, టక్కు, కిణుక్కు. వెనక కుడికాలి లాడం. వీరకంపడి గుర్రానికి ఎవడు కొట్టాడో గాని మేకులు వంకరగా దిగ్గొట్టాడు. ఇంకో కోసెడు దూరం కూడా నిలవదు. లాడం కొట్టే సుత్తి లేదు, మేకు లేదు, దిగి చూసే వ్యవధి లేదు. తిప్పడు గుర్రాన్ని రాతిబాట తప్పించి దున్నిన చేలోకి దూకించాడు. మెత్తటి మట్టిలో లాడానికి దెబ్బ తగ్గింది, వేగమూ తగ్గింది. వెనక రౌతుల కేకలు దగ్గరపడుతున్నాయి.